జాతరలో శత్రువు: కేస్లాపూర్ దర్బారు – ‘కొమురం భీము’ నవల మౌనం

ఉపోద్ఘాతం

యుద్ధాన్ని చెప్పే రచనల్లో పాఠకుడి మనసులో నిలిచిపోయేది చాలాసార్లు యుద్ధం కాదు, యుద్ధం ఆగిన గడియ. శత్రువులు ఒక పండుగనాడు ఆయుధాలు పక్కన పెట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారన్న కథను ప్రతి తరమూ కొత్తగా విన్నట్టే వింటుంది. 1914 క్రిస్మస్‌నాడు పశ్చిమ యూరప్ కందకాల్లో ఏర్పడిన విరామం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆనాడు జర్మన్ సైనికులను కలిసి మాట్లాడినవారిలో మన గఢ్వాల్ దళాల సైనికులు కూడా ఉన్నారు.

ఇటువంటి ఘట్టం ఉత్తర తెలంగాణ చరిత్రలోనూ ఒకటి ఉంది. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల కాల్పులకు కొమురం భీము, ఆయన సహచరులు నేలకొరిగారు. ఆ దశాబ్దం పూర్తికాకముందే అదే నిజాం ప్రభుత్వ అధికారులు కేస్లాపూర్ నాగోబా జాతరకు వచ్చి గోండుల ముందు కూర్చుని వాళ్ళ మొర విన్నారు. ఆ ఏర్పాటుకు కారకుడైన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ సైతం ఆనాటి బ్రిటిష్ ప్రభుత్వ దృష్టిలో శత్రుదేశ పౌరుడే. రెండు శత్రుత్వాలు ఒక జాతరలో ఎదురుపడ్డాయి.

జోడేఘాట్‌ను తెలుగు సాహిత్యానికి చిరస్థాయిగా అందించిన రచన సాహు, అల్లం రాజయ్యల నవల ‘కొమురం భీము’. దాని కథాకాలం జోడేఘాట్‌తో ముగుస్తుంది. జాతరలోని దర్బారు దాని పరిధిలోకి రాదు. ఈ మౌనం వెనుక ఉన్న న్యాయం ఏమిటి, దానివల్ల మనకు దక్కకుండా పోయినది ఏమిటి అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. పండుగనాటి సద్భావాన్ని ఇచ్చినవాడు ఎవడు అన్నది తేల్చుకోకుండా ఈ ప్రశ్నకు సమాధానం దొరకదని ఇక్కడి ప్రతిపాదన.

నీటి మీది మర్యాద

శత్రువుల మధ్య మర్యాదకు సంబంధించిన కథలు సముద్రం మీద ఎక్కువగా పుట్టాయి. వాటిలో ఒకటి తెలుగువారి తీరానికి దగ్గరలోనే జరిగింది. 1914 సెప్టెంబరులో జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ బంగాళాఖాతంలో బ్రిటిష్ సరుకు ఓడలను ఒకదాని తర్వాత ఒకటి పట్టుకొని ముంచింది. కబింగా అనే ఓడను మాత్రం ముంచలేదు. అందులో ఓడ కెప్టెన్ భార్యాబిడ్డలు ఉన్నారు. పైగా సరుకు తటస్థ దేశమైన అమెరికావారిది. ఎమ్డెన్ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ అప్పటిదాకా తన చేతికి చిక్కిన నావికులను ఆ ఓడలోకి ఎక్కించి విడిచిపెట్టాడు. విడుదలైనవారు తమ ఓడలను ముంచిన శత్రువుకు జయజయధ్వానాలు చేసి మరీ వెళ్ళారు.

వారం తిరిగిందో లేదో, సెప్టెంబరు 22 రాత్రి, అదే ఎమ్డెన్ మద్రాసు రేవులోని చమురు తొట్లపై గుళ్ళు కురిపించింది. అవి శరన్నవరాత్రులు. ‘ఆంధ్రపత్రిక’ మద్రాసులో దినపత్రికగా మొదలై ఆరు నెలలు కాలేదు. ఆ యేడు క్రిస్మస్‌నాడు కందకాల్లో తుపాకులు మౌనం వహించిన వేళ ఉత్తర సముద్రంలో బ్రిటిష్ విమానాలు జర్మనీ తీరంలోని కుక్స్‌హాఫెన్‌పై దాడికి బయలుదేరాయి. సముద్రం పండుగలను గుర్తించిందీ లేదు, మర్యాదను మరిచిందీ లేదు.

ఈ కథలు వినడానికి హాయిగా ఉండటానికి ఒక కారణం ఉంది. సముద్రం ఎవరి పట్టా భూమీ కాదు. అక్కడ ఎదురుపడిన ఇద్దరు శత్రువులూ ఆ నీటికి యజమానులు కారు. విడిచిపెట్టినవాడు తన సొత్తులో దేనినీ వదులుకోలేదు. విడుదలైనవాడు ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ కలుసుకోవలసిన అవసరం ఇద్దరికీ లేదు. నీటి మీది సద్భావం ఆ పూటతో సంపూర్ణమవుతుంది.

నేల మీది సద్భావం అలా కాదు. గొడవే నేల గురించి అయినప్పుడు పండుగ తెల్లవారి కూడా ఇద్దరూ అక్కడే ఉంటారు. ఒకడు దున్నుతాడు, మరొకడు ఆ చేనును అడవి హద్దు లోపలిదంటాడు. కాబట్టి అడవిలో జరిగిన సద్భావాన్ని సముద్రం మీది కథలను తూచే తక్కెడతో తూచలేం. ముల్లర్‌ను మెచ్చుకోవడానికి ఆయన ఉదారత చాలు. కేస్లాపూర్ అధికారులను మెచ్చుకోవాలంటే జాతర ముగిశాక ఏం మిగిలిందో చూడాలి.

ద్రోణపర్వంలో ఒక రాత్రి

తెలుగు పాఠకుడికి యుద్ధవిరామం కొత్త ఊహ కాదు. తిక్కన తెలుగు చేసిన పర్వాల్లో ఒకటైన ద్రోణపర్వం దీనికి మూలమైన కథను మనకిచ్చింది. సైంధవ వధ జరిగిన రోజు యుద్ధం సూర్యాస్తమయంతో ఆగక రాత్రిలోకి సాగింది. ఆ రాత్రి కర్ణుడు ప్రయోగించిన శక్తికి ఘటోత్కచుడు కూలాడు. అప్పటికి ఇరు సైన్యాలవాళ్ళూ నిద్రకు తూలిపోతున్నారు. అర్జునుడు చంద్రోదయం వరకు అందరినీ నిద్రించమన్నాడు. కౌరవ పక్షపు సైనికులు కూడా అతణ్ణి దీవించి, ఏనుగుల మీద, రథాల మీద, కటికనేల మీద, ఎక్కడివాళ్ళక్కడ ఒరిగిపోయారు. చంద్రుడు ఉదయించగానే, వెన్నెలకు పొంగిన సముద్రంలా సేన మళ్ళీ కదిలిందని మూలభారతం పోలిక చెబుతుంది.

ఈ ఘట్టాన్ని అర్జునుడి దయకు నిదర్శనంగా చదవడం పరిపాటి. మన చర్చకు ఉపకరించే మరి మూడు అంశాలు ఇందులో ఉన్నాయి. మొదటిది, విరామం అవసరమైనది పేరులేని సైనికులకు. కీర్తి దక్కినది పేరున్న వీరుడికి. రెండోది, విరామం వల్ల తగువు మారలేదు. ఐదూళ్ళైనా ఇవ్వనన్న మాట నిద్రకు ముందు ఎలా ఉందో నిద్ర లేచాక కూడా అలాగే ఉంది. మూడోది మనకు మరింత ముఖ్యం. ఆ నిద్ర ఘటోత్కచుడు కూలిన తర్వాత వచ్చింది. అతడు భీముడి కొడుకు, హిడింబ కన్న అడవి బిడ్డ. అతడి మరణం అర్జునుడి ప్రాణానికి రక్ష అయిందని కృష్ణుడు సంతోషించాడు. అడవి బిడ్డ నేలకొరిగాక నగరాల వీరులకు దయ చూపే తీరిక చిక్కింది.

పోలికను ఇంతకంటే లాగడం తగదు. అయినా జోడేఘాట్ తర్వాతి దర్బారును చదివేటప్పుడు ఈ క్రమాన్ని మరచిపోకూడదు. ముందు కాల్పులు, తర్వాత కరుణ. కరుణ ఎంత నిజమైనదైనా ఆ క్రమాన్ని అది చెరపలేదు.

జోడేఘాట్ నుంచి కేస్లాపూర్‌కు

ఆసిఫాబాద్ ప్రాంతంలోని బాబేఝరి, జోడేఘాట్ మొదలైన పన్నెండు గూడాల గోండుల పోరాటానికి మూలం భూమి. అడవులను రిజర్వు చేసిన కొద్దీ, మైదానాల నుంచి వచ్చినవారికి పట్టాలు దక్కిన కొద్దీ, తరాలుగా పోడు కొట్టి బతికిన గోండులు తమ చేలల్లోనే ఆక్రమణదారులయ్యారు. ఆ పోరాటాన్ని ప్రభుత్వం తుపాకులతో అణచింది. భీము వర్ధంతిని గోండులు ఆశ్వయుజ పౌర్ణమినాడు జరుపుకొంటారు.

ఆ కాలానికే హైమన్‌డార్ఫ్ హైదరాబాద్ రాజ్యంలో ఉన్నారు. 1909లో వియన్నాలో పుట్టిన ఆయన 1939లో పరిశోధన కోసం భారతదేశానికి వచ్చారు. ఆస్ట్రియాను జర్మనీ కలుపుకొన్నందువల్ల ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. యుద్ధం మొదలుకాగానే బ్రిటిష్ అధికారులు ఆయనను అదుపులోకి తీసుకున్నారు. చివరకు నిజాం రాజ్యపు ఎల్లలు దాటకూడదన్న నిబంధనపై వదిలారు. ఆ నిర్బంధమే ఆయన పరిశోధనకు క్షేత్రమైంది. భార్య బెట్టీతో కలిసి ఆయన చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య నివసించారు. ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయి ఆయనకు నివాసమైంది.

ఈ కథలో మరో మలుపు కూడా ఉంది. 1940ల్లో నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ వ్యవహారాలు చూసిన డబ్ల్యు. వి. గ్రిగ్సన్ బ్రిటిష్ ఐసీఎస్ అధికారి. బస్తర్ మరియా గోండులపై గ్రంథం రాసినవాడు. తన దేశం ఎవరితో యుద్ధం చేస్తున్నదో ఆ దేశపు పాస్‌పోర్టు ఉన్న మనిషి రాసిన నివేదికలకు ఆయన విలువ ఇచ్చాడు. గోండీ నేర్చుకొని గోండుల మధ్య పనిచేసిన సేతుమాధవరావు పగడీ వంటి అధికారులు ఆ నివేదికలను అమలులోకి తెచ్చారు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. భూమి లేనివారికి పట్టాలు ఇచ్చారు. హైమన్‌డార్ఫ్ తర్వాతి రచనల్లో ఇచ్చిన లెక్క ప్రకారం 1949 నాటికి ఆదిలాబాద్ జిల్లాలో 11,198 మంది ఆదివాసులకు సుమారు 1,60,000 ఎకరాలు దక్కాయి.

కేస్లాపూర్ దర్బారు ఈ మార్పులో ఒక భాగం. పుష్య అమావాస్యనాడు మెస్రం వంశస్థులు నాగోబాకు మహాపూజ చేస్తారు. అంతకుముందు హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్ళి గోదావరి జలం తెస్తారు. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళను దేవుడికి పరిచయం చేసే ‘భేటింగ్’ ఆ రాత్రి జరుగుతుంది. నలుమూలల గూడాల నుంచి గోండులు కూడే ఆ జాతరకే అధికారులు రావాలని, అక్కడే వాళ్ళ మాట వినాలని హైమన్‌డార్ఫ్ సూచించారు. అలా 1940ల్లో మొదలైన ఆచారం నిజాం పాలన పోయాక కూడా కొనసాగింది. జాతర రోజుల్లో జిల్లా కలెక్టరు, ఉట్నూరు ఐటీడీఏ అధికారులు కేస్లాపూర్‌లో దర్బారు జరపడం నేటికీ ఉన్నదే.

భీము వర్ధంతి అయిన ఆశ్వయుజ పౌర్ణమి నుంచి నాగోబా పూజ జరిగే పుష్య అమావాస్య వరకు మూడున్నర నెలలు. గోండుల యేడాదిలో కాల్పుల జ్ఞాపకం, దర్బారు ఒకే వరుసలో వస్తాయి. మన సాహిత్యంలో మాత్రం మొదటిది ఉంది, రెండోది లేదు.

నవల మౌనానికి న్యాయం

‘కొమురం భీము’ రచయితల్లో ఒకరైన అల్లం రాజయ్యది కరీంనగర్ జిల్లా మంథని ప్రాంతం. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రైతాంగ జీవితాన్ని, అక్కడి పోరాటాలను కథలుగా మలిచినవారిలో ఆయన ముఖ్యులు. గోదావరికి ఈ ఒడ్డున పుట్టిన రచయిత ఆ ఒడ్డు అడవి కథను భుజానికెత్తుకోవడం ఈ నవలలో గుర్తించదగిన మొదటి విషయం. గోండుల నోట నిలిచిన కథనాన్ని చరిత్రతో కలిపి, భీమును పురాణపురుషుడిగా కాక తన కాలపు ఒత్తిడిలో ఎదిగిన మనిషిగా చూపడం ఈ నవల సాధించిన విజయం.

ఇది ఏ కాలంలో వచ్చిందో మరచిపోతే దాని ముగింపు అర్థం కాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో మృతులు పదముగ్గురు; వాస్తవంలో ఆ సంఖ్య ఎంతో ఎక్కువన్న వాదన అప్పటి నుంచీ ఉంది. కేస్లాపూర్ ఇంద్రవెల్లికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఏటా దర్బారు జరిగే చోటికి అంత దగ్గరలో, ఆ దర్బారులో వినవలసిన భూమి మాటే వినిపించడానికి వచ్చినవారిపై తుపాకులు పేలాయి. ‘కొమురం భీము’ ఈ నీడలోనే వెలువడింది.

ఆ సమయంలో నవల దర్బారుతో ముగిసి ఉంటే ఏమయ్యేది? జోడేఘాట్ నెత్తురుకు జాతరలోని సామరస్యం పరిష్కారంగా కనిపించేది. పాలకుల కరుణ కథకు చివరి మాట అయ్యేది. ఇంద్రవెల్లిని చూసిన రచయితలు ఆ చివరి మాటను పాలకులకు ఇవ్వలేదు. ద్రోణపర్వపు రాత్రిని అర్జునుడి దయగా చదివే అలవాటుకు ఇది సమాధానం. దయ చూపినవాడి పేరుతో కథ ముగిస్తే, కూలినవాడు ఆ దయకు ముందుమాట అయిపోతాడు. నవల దీనికి ఒప్పుకోలేదు. ఆ మేరకు దాని మౌనం న్యాయమైనది.

మౌనం వల్ల నష్టం

న్యాయమైన మౌనానికీ ఒక వెల ఉంటుంది. నవల ముగిసినచోటే మన ఊహ కూడా ఆగిపోవడం వల్ల, జోడేఘాట్ తర్వాత గోండులు ఏం చేశారన్న ప్రశ్న సాహిత్యంలో వేసుకోలేకపోయాం. అమరుడి తర్వాతి జనం మన సాహిత్యంలో కనిపించరు. తమవారిని చంపిన ప్రభుత్వపు మనుషులు జాతరకు వచ్చినప్పుడు మెస్రం పెద్దల మనసులో ఏముంది? జోడేఘాట్‌లో మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్ళు ఆ దర్బారును ఎలా చూశారు? ఇవి నవలకు దక్కవలసిన ప్రశ్నలు. వీటికి చరిత్ర గ్రంథం ఇచ్చే సమాధానం చాలదు.

ఈ ఖాళీని జనరంజక కళ తనదైన పద్ధతిలో పూరించింది. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ చిత్రం భీమును, అల్లూరిని స్నేహితులను చేసింది. అందులో ఒకడు పోలీసు, ఒకడు ఆ పోలీసు వెతుకుతున్న గోండు వీరుడు. ఒకరి నిజం ఒకరికి తెలియదు. వారి తొలి కలయిక జరిగేది నది మీద, ఒక పిల్లవాణ్ణి కాపాడే క్షణంలో. శత్రువుల మధ్య సద్భావం చూపాలనుకున్న కల్పన మళ్ళీ నీటినే ఆశ్రయించడం ఆలోచించదగినది. నీటి మీద ఎవరి హద్దూ లేదు. అక్కడ పోలీసు పోలీసు కాడు, గోండు గోండు కాడు. చిత్రకారులది కల్పన అని వారే చెప్పుకున్నారు కనుక చారిత్రక దోషం ఎంచనవసరం లేదు. మన లోటును మాత్రం అది చూపుతుంది. పోలీసుకు, గోండుకు నడుమ స్నేహాన్ని చూడాలన్న కోరిక ప్రేక్షకుల్లో ఎంత బలంగా ఉందంటే, లేని కలయికను సృష్టించి మరీ తీర్చవలసి వచ్చింది. జరిగిన కలయిక, నేల మీద, ముఖాముఖి, ఎవరు ఎవరో తెలిసి జరిగినది, ఇంకా రాయకుండానే ఉంది.

అతిథి ఎవరు?

రాయవలసివస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? ‘దర్బారు’ అన్న మాటను విప్పడంతో మొదలుపెట్టాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దర్బారు పారసీ పదం. అది రాజు కొలువు. కొలువులో ఆసనం ప్రభువుది, అర్జీ ప్రజలది. ‘కేస్లాపూర్ దర్బారు’ అనగానే సద్భావాన్ని ఇచ్చినవాడు ప్రభుత్వమని, పుచ్చుకున్నవాడు గోండని మాటే తీర్పు చెప్పేస్తుంది. ఇంతవరకు వచ్చిన కథనాలన్నీ హైమన్‌డార్ఫ్ ఔదార్యంతోనో, నిజాం ప్రభుత్వపు పశ్చాత్తాపంతోనో మొదలుకావడానికి ఈ మాట కూడా కొంత కారణం.

దాని పక్కనున్న రెండో మాట ‘జాతర’. జాతర ప్రభుత్వానిది కాదు. దాని తేదీని గెజెట్టు నిర్ణయించదు, పుష్య అమావాస్య నిర్ణయిస్తుంది. దాని స్థలం తహసీలు కచేరీ కాదు, నాగోబా గుడి ముంగిలి. దానికి పెద్దలు మెస్రం వంశస్థులు. నీళ్ళు తెచ్చేది వాళ్ళు, వంట చేసేది వాళ్ళు, వచ్చినవారికి చోటు చూపేది వాళ్ళు. జోడేఘాట్‌కు ప్రభుత్వం తాను ఎంచుకున్న వేళ, తుపాకులతో వచ్చింది. కేస్లాపూర్‌కు గోండుల వేళకు, గోండుల చోటికి వచ్చింది. ఈ రెండు రాకల మధ్య తేడాలోనే ఆ ఘట్టపు అర్థమంతా ఉంది. దర్బారు అన్న మాట అధికారిని ప్రభువును చేస్తే, జాతర అన్న మాట అతణ్ణి అతిథిని చేస్తుంది.

‘భేటింగ్’ ఆచారాన్ని ఈ వెలుగులో చూడవచ్చు. పెళ్ళితోనే కోడలు వంశంలో పూర్తిగా కలిసినట్టు కాదు. నాగోబా ముందు పరిచయమైతేనే ఆమె మెస్రం ఇంటి మనిషి. కొత్తవాళ్ళను తమలోకి తెచ్చుకొనే పద్ధతి ఆ జాతరకు ముందే ఉంది. అధికారులు వచ్చి కూర్చున్న చోటు అటువంటి పరిచయాలు జరిగే చోటే. గోండులు వాళ్ళను వంశంలో కలుపుకొన్నారని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అపరిచితుడు దేవుడి ముందు, జనం ముందు ముఖం చూపించుకోవాలన్న నియమం ఆ నేలమీద పాతదని మాత్రం చెప్పవచ్చు. ఆ నియమానికి లోబడింది ప్రభుత్వమే.

ఇలా చదివితే సద్భావాన్ని ఇచ్చినవారు గోండులు అవుతారు. తమ మనుషులను చంపినవారిని తమ పండుగలో కూర్చోబెట్టిన పని చిన్నది కాదు. అర్జునుడికి దక్కిన దీవెన ఇక్కడ ఎవరికి దక్కాలన్నది సాహిత్యం తిరిగి వేసుకోవలసిన ప్రశ్న.

ఒక ఆక్షేపణ

ఈ పఠనంపై ఒక గట్టి ఆక్షేపణ ఉంది. తిరుగుబాటు మళ్ళీ రాకుండా చూసుకోవడానికి పాలకులు చేసిన ఏర్పాటే దర్బారు. తుపాకి పట్టినవాణ్ణి అర్జీదారుగా మార్చడమే దాని ప్రయోజనం. పరిశోధకుడి మంచితనం పాలనకు ముసుగు అయింది. ఈ వాదనలో నిజముంది. పోరాడి అడిగినదాన్ని కాగితం మీద విన్నవించుకోవలసిన స్థితికి గోండులు వచ్చారన్నది కాదనలేం. అతిథి మర్యాద అన్న మాటతో ఈ అధికార సంబంధాన్ని కప్పిపుచ్చడం విమర్శకు తగని పని.

దీనికి సమాధానం కొలమానంలో ఉంది. ముందే చెప్పినట్టు, నేల మీది సద్భావాన్ని పండుగనాటి మాటలతో కాక పండుగ తర్వాతి నేలతో కొలవాలి. 1940ల దర్బారు వెనుక సర్వే ఉంది, పట్టా ఉంది, గోండీ తెలిసిన అధికారి ఉన్నాడు. అందుచేత ఆ సద్భావానికి దున్నుకోదగిన రూపం వచ్చింది. ఆ పట్టాలు నిలవలేదు. 1970ల చివర హైమన్‌డార్ఫ్ తిరిగి వచ్చి చూసేసరికి, తాను ఉన్న కాలంలో గోండులకు దక్కిన భూముల్లో చాలావరకు చేతులు మారిపోయాయి. ఆయన మలి రచనల్లో వినిపించే విచారానికి కారణం ఇదే. దర్బారు ఏటా జరుగుతూనే ఉంది. భూమి జారిపోతూనే ఉంది. ఇంద్రవెల్లి ఈ రెండింటి మధ్య పెరిగిన దూరం నుంచి పుట్టింది.

అంటే దర్బారు మొదటి నుంచీ బూటకమనీ కాదు, ఎప్పటికీ పుణ్యకార్యమనీ కాదు. అది ఒక మాట ఇవ్వడం. మాట నిలబెట్టుకున్న సంవత్సరాల్లో అది సద్భావం; నిలబెట్టుకోని సంవత్సరాల్లో అది వేడుక. ఆతిథ్యం ఇచ్చినవారు తమ వంతు తప్పలేదు. అతిథే చాలాసార్లు తప్పాడు. ఈ భేదాన్ని సంవత్సరం సంవత్సరంగా, మనిషి మనిషిగా చూపగల ప్రక్రియ నవల. నినాదానికి గాని, స్మారక ప్రసంగానికి గాని ఇది చేతకాదు.

ముగింపు

ఈ చర్చలో తేలిన విషయాలు ఇవి. శత్రువుల మధ్య పండుగనాటి సద్భావాన్ని సముద్రం మీది కథల నమూనాలో, అంటే ఒక వ్యక్తి ఉదారతగా, చదివే అలవాటు నేల తగువులకు సరిపోదు. ద్రోణపర్వంలోని రాత్రి ఆ నమూనాలోని లోపాన్ని మనకు ముందే చూపింది: దయ చూపినవాడి పేరు మిగులుతుంది, తగువు అలాగే ఉంటుంది. ‘కొమురం భీము’ నవల దర్బారు దాకా రాకుండా ఆగడం ఆనాటి పరిస్థితుల్లో నైతికంగా సరైన నిర్ణయం. ఆ నిర్ణయాన్ని గౌరవిస్తూనే, అది వదిలిన చోట నుంచి ముందుకు నడవవలసిన బాధ్యత తర్వాతి తరానిది. అప్పుడు కథలో కేంద్రం హైమన్‌డార్ఫ్ కాడు, నిజాం అధికారి కాడు. వాళ్ళను కూర్చోబెట్టిన మెస్రం పెద్దలు.

ఈ పనికి కావలసిన ఆధారాలు గ్రంథాలయాల్లో మాత్రమే లేవు. కింగ్రీ మీటుతూ వంశగాథలు పాడే పర్ధానుల నోట ఆ దశాబ్దపు జ్ఞాపకం ఏ రూపంలో ఉందో వినాలి. దర్బారులో ఏటేటా ఇచ్చిన అర్జీలు రెవెన్యూ కాగితాలుగానే మిగిలిపోయాయి. ఒక జనం తన బాధను పరాయి భాషలో, పరాయి చట్రంలో చెప్పుకున్న కథనాలుగా వాటిని తెలుగు శాఖలు చదవవలసి ఉంది. మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు ఉన్నాయి, జోడేఘాట్‌లో భీము స్మారకం ఉంది, ఇంద్రవెల్లిలో స్తూపం ఉంది. ఈ మూడింటి నడుమ కేస్లాపూర్‌లో ఏటా జాతర జరుగుతుంది. అక్కడ దర్బారుకు వచ్చిన మనిషి చేతిలోని అర్జీలో నేటికీ ఎక్కువగా ఉండే మాట భూమి. ఆ అర్జీ నుంచి మొదలయ్యే నవల తెలుగులో రావలసి ఉంది.